తిరిగి ఇవ్వని నకలు

"చాల్లే అక్కా, వదిలెయ్యి ఆ గిన్నెల్ని. అరిగిపోతాయి."

పెద్దకోడలు వినిపించుకోలేదు. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి తెల్లకోటు ఇంకా ఒంటిమీదే ఉంది. పొద్దున తోమి బోర్లించిన గిన్నెల్నే మళ్లీ తొట్లో వేసుకుని, వాటి మీద పగబట్టినదానిలా తోముతోంది. కుళాయి పూర్తిగా తిప్పేసింది. ఆ ధార చప్పుడులో మాట్లాడాలంటే అరవాలి. అరిస్తే కింద ఆఫీసులో ఉన్న బావగారికి వినబడుతుంది. అందుకే తిప్పిందేమోనని చిన్నకోడలికి అనుమానం.

"రేపు ఎన్నింటికి రమ్మన్నారు?"

"పొద్దున్నే. సూపరింటెండెంట్ గదికి."

"ఒక్కదాన్నేనా?"

"మరి? బాజాలు పెట్టుకుని వెళ్లనా?"

చిన్నకోడలు నాలిక్కరుచుకుంది. అయినా అడక్కుండా ఉండలేకపోయింది. "ఆ టీచరమ్మకెలా ఉంది?"

"ప్రాణం గట్టెక్కింది. గొంతు ఇంకా వాచే ఉంది. పాటలు నేర్పుకుని బతికే మనిషి, మాట పెగలడం లేదు. ఇంటికొచ్చే ముందు వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను. తల అటు తిప్పేసుకుంది."

పెద్దకోడలు ఆ ఆస్పత్రిలో ఫార్మసిస్టు. డాక్టరు రాసిన చీటీ రాగానే రోగి పేరు, మందు పేరు కంప్యూటరుకి ఇస్తుంది. ఆ మనిషికి ఆ మందు పడుతుందో పడదో అది వెతికి చెప్పాలి. అలా వెతికే ప్రోగ్రాం పరాయివాళ్లది కాదు, ఈ ఇంటిదే. కింది అంతస్తులో అన్నదమ్ములిద్దరూ, చిన్నకోడలూ కలిసి నడుపుతున్న ఆఫీసులో పుట్టింది. తనకు పెన్సిలిన్ పడదని టీచరమ్మ చేరిన రోజే చెప్పింది. నర్సు నమోదు చేసింది. అయినా నిన్న ఆ జాతి మందే ఆవిడ నరంలోకి ఎక్కింది.

"చీటీ వచ్చింది, కొట్టాను. హెచ్చరికలేవీ లేవని పచ్చగా వచ్చింది. ఇచ్చాను. పొద్దున వాళ్లకూ ఇదే చెప్పాను, నీకూ ఇదే చెప్తున్నాను. ఇంతకన్నా నా దగ్గరేం లేదు."

అక్కడితో ఊరుకుంటే పోయేది. చిన్నకోడలి నోరు ఊరుకోలేదు.

"పేరు సరిగ్గానే కొట్టావు కదా?"

కుళాయి ఆగిపోయింది.

పెద్దకోడలు చేతిలోని గిన్నెను గట్టు మీద మెల్లిగా, అద్దాన్ని పెట్టినట్టు పెట్టింది.

"నువ్వు కూడా అడిగావు" అంది. "పొద్దుట్నుంచి అక్కడ అందరూ అడిగారు. పోనీలే, వాళ్లు పరాయివాళ్లు."

"అది కాదక్కా, నా ఉద్దేశం..."

"నీ ఉద్దేశం నాకు తెలుసు. నీ ప్రోగ్రాం తప్పు చెయ్యదు. నా వేళ్లే తప్పు చేస్తాయి."

"నేనలా అన్నానా?"

"అనక్కర్లేదు. నీ మొహం అంది."

కోటుకే చేతులు తుడుచుకుని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. దబాలున వేసినా బాగుండేది. చప్పుడు కాకుండా వేసింది.

టీ కప్పులు పట్టుకుని అప్పుడే వంటింట్లోకి వస్తున్న అత్తగారు మూసిన తలుపును, చిన్నకోడల్ని, ధగధగలాడుతున్న గిన్నెల్ని మార్చి మార్చి చూశారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. గొంతులో ఆ అధికారం ఇంకా తగ్గలేదు.

"ఒకత్తి గిన్నెలు అరగదీస్తుంది. ఒకడు కింద గొంతు చించుకుంటాడు. ఇంకోడికి మధ్యాహ్నం నుంచి నోరే లేదు. ఈ ఇంట్లో మనిషికీ మనిషికీ లైను కలవాలంటే నేను మళ్లీ డ్యూటీ ఎక్కాలి కాబోలు" అని, ఒక కప్పు మూసిన తలుపు ముందు నేల మీద పెట్టారు. "ఏమన్నావే దాన్ని?"

"ఏమీ అనలేదత్తయ్యా. అడిగాను."

"అడగడం కూడా అనడమే, వేళ చూసుకోకపోతే."

చిన్నకోడలు మెట్లు దిగింది.

* * *

ఆఫీసంటే వీధివైపు పొడుగాటి గది. మూడు బల్లలు, ఒక సర్వరు, కిటికీ దగ్గర ప్రింటరు. బావగారు కుర్చీలో కూర్చోలేదు, గది ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతున్నారు. చిన్నకోడలి భర్త ప్రింటరు మూత తీసి, లోపల దూది పెట్టి తుడుస్తున్నాడు. ఆ ప్రింటరుకి ఏ జబ్బూ లేదు.

"రామ్మా, రా" అన్నారు బావగారు. "వచ్చి చూడు నీ స్టాండర్డు చేసిన నిర్వాకం."

"ఇంకా ఏం తేలలేదు బావగారూ."

"ఏం తేలాలి? ఇన్నేళ్లు నడిచింది నా పద్ధతి. ఒక్కరోజు, ఒక్క మందు తప్పిందా? నీ పద్ధతి పెట్టి వారం తిరగలేదు. మనిషి పోబోయింది."

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. ఆ ప్రోగ్రాం లోపల అసలు వెతికేది క్వెరీ ప్రాసెసరు, అంటే ప్రశ్న ఇస్తే మందుల ఫైళ్లన్నీ గాలించి జవాబు తెచ్చిపెట్టేది. ఎలా వెతకాలి, ఏ మాటను ఏ మాటతో సమానంగా చూడాలి, ఇవన్నీ ముందే దానికి చెప్పి సిద్ధం చేసి పెట్టాలి. బావగారు ఒక కంపెనీ ప్రాసెసరు కొని, ఆ కంపెనీ వాడి సొంత సెట్టింగులతోనే అంతా బిగించారు. ఆస్పత్రివాళ్లకి అది నచ్చలేదు. రేపు ఇంకో కంపెనీ ప్రాసెసరు కొనుక్కుంటే మొత్తం మళ్లీ రాయించుకోవాలా, ఏ కంపెనీ ప్రాసెసరుకైనా పనికొచ్చే జావా భాష స్టాండర్డు ఇంటర్‌ఫేస్ ఒకటుంది కదా, దాని ద్వారానే సెట్టింగులన్నీ పెట్టండి అన్నారు. బావగారు ససేమిరా అన్నారు. చిన్నకోడలు సరే అంది. సరే అన్నవాళ్ల మీదే పని పడుతుంది కాబట్టి అంతా తనే తిరగరాసింది. ఆస్పత్రికి పంపిన కాగితం మీద సంతకం కూడా ఆమెదే.

"అది స్టాండర్డు కాదమ్మా, సందు" అన్నారు బావగారు. "పెద్ద గుమ్మం ఎదురుగా ఉంటే, సందులోంచి సామాను దూర్చమన్నావు. ఏదో ఒకటి బయట ఉండిపోతుందని నేను మొత్తుకున్నాను."

"ఆ సందులోంచే అన్నీ దూర్చాను. ఒక్కటీ బయట మిగల్లేదు. మీరూ పక్కన కూర్చుని చూశారు."

"మరి నా పెళ్లాం పైన ఎందుకేడుస్తోంది?"

"ఏడవట్లేదు. ఇందాకటిదాకా గిన్నెలు తోమింది."

"దానికి అదే ఏడుపు! పెళ్లయినప్పట్నుంచి చూస్తున్నాను, నాకు తెలీదా?"

ఆయన కిటికీవైపు తిరిగి కాసేపు వీధి చూశారు. బయట ఎవరో బండి స్టార్ట్ చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. అది అంటుకున్నట్టే అంటుకుని ఆగిపోతోంది.

చిన్నకోడలు భర్తవైపు చూసింది. "నువ్వేమీ అనవా?"

"ఏమనను?"

"ఏదో ఒకటి. అవునను, కాదను. మీ అన్నయ్యది తప్పను, నాది తప్పను."

"టోనరు కారింది" అన్నాడతను దూది మార్చుకుంటూ.

మనిషికి కోపం వస్తే అరుస్తాడు, భయం వేస్తే పారిపోతాడు. ఈ మనిషికి ఏమైందో అర్థంకాక ఆమె తన బల్ల దగ్గర కూలబడింది. అందరితోనూ మాట్లాడటం అయింది. ఇక మిగిలింది కంప్యూటరే.

ఆస్పత్రికి ఏది పంపారో దాని ప్రతే ఇక్కడ సర్వరు మీదా ఉంది. ఉత్తుత్తి రోగినొకణ్ణి పుట్టించి, పెన్సిలిన్ పడదని రాసింది. ఆ మందే అడిగింది. ఎర్రటి హెచ్చరిక ఠక్కున వచ్చింది. 'చూశారా' అందామని నోరు తెరిచింది కూడా.

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. రోగికి పడని మందు పేరు తను ఇంగ్లీషులో అన్నీ పెద్దక్షరాలతో కొట్టింది, ఫైళ్లలో ఉన్నట్టుగా. వార్డులో నర్సులు అలా ఎందుకు కొడతారు? ఒక చేత్తో సెలైన్ సీసా పట్టుకుని, ఇంకో చేత్తో టకటకా కొట్టేవాళ్లు. చిన్నక్షరాలే కొడతారు.

చెరిపి, అదే పేరు చిన్నక్షరాలతో కొట్టి, మందు మళ్లీ అడిగింది.

హెచ్చరికలేవీ లేవు. పచ్చగా, ప్రశాంతంగా వచ్చింది.

ఇదలా రాకూడదు. పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా ఒకటే మాటగా చూడమని ప్రాసెసరుకి చెప్పే సెట్టింగు తనే రాసింది. దాని కోసం కూర్చున్న సాయంత్రం గుర్తుంది. ఒకసారి కాదు, కావాలని పది రకాలుగా కొట్టి మరీ చూసింది. అన్నీ ఎర్రగానే వచ్చాయి.

కోడ్ తెరిచింది. ప్రాసెసరుతో కనెక్షన్ తెరిచే లైను ఉంది. దాని సెట్టింగులన్నీ ఉండే కాంటెక్స్ట్‌ని అడిగి తీసుకునే లైను ఉంది. అందులో అక్షరాల పోలిక పద్ధతి మార్చే లైను ఉంది. ఆ కింద, మార్చిన కాంటెక్స్ట్‌ని మళ్లీ కనెక్షన్‌కి అప్పజెప్పే లైను ఉండాలి.

లేదు. అక్కడ ఖాళీ కూడా లేదు. పై లైనూ కింది లైనూ ఎప్పట్నుంచో ఇరుగుపొరుగు అయినట్టు అతుక్కుని ఉన్నాయి.

* * *

"బావగారూ, మీరు నా కోడ్‌లో చెయ్యి పెట్టారా?"

అరుస్తూ తిరుగుతున్న మనిషి ఆగారు. గొంతు తగ్గించారు. ఆయన అరిచేటప్పుడు ఈ ఇంట్లో ఎవరూ భయపడరు, తగ్గించినప్పుడే భయం.

"ఏమన్నావు?"

"ఒక లైను లేదు. నేను రాశాను, ఇప్పుడు లేదు. దానంతటది ఎగిరిపోదు కదా! ఈ పని మొదట్నుంచీ గిట్టనిది మీకొక్కరికే."

"గిట్టలేదు. గిట్టలేదని నీ మొహం మీదే చెప్పాను. ఆస్పత్రివాళ్ల ముందు చెప్పాను. పాలు పోసేవాడు అడిగినా చెప్తాను. చాటుగా చెరిపే బుద్ధి నాకు లేదు." ఆయన వేలు పైకి, మేడవైపు చూపించింది. "ఆ ప్రోగ్రాం ముందు కూర్చునేది నా పెళ్లాం. దాని కుర్చీ కింద నేనే నిప్పు పెడతానా?"

చిన్నకోడలికి తల కొట్టేసినట్టయింది. ఎంత మాట అనేసింది! కానీ ఆయన కాకపోతే మరి ఎవరు? ఈ గదిలో ఉన్నవి మూడే బల్లలు.

ప్రింటరు మూత టక్కున మూసిన చప్పుడైంది.

"నేనే తీశాను" అన్నాడు ఆమె భర్త.

బయట బండి ఎట్టకేలకు అంటుకుని వెళ్లిపోయింది.

"నువ్వా?"

"పంపే ముందు అంతా ఒకసారి శుభ్రం చేశాను. అది అనవసరమనిపించింది. దాని దగ్గర తీసుకున్నాం, మార్చాం. మళ్లీ అదే వస్తువుని దానికే ఇవ్వడమేమిటి? జావాలో ఏదైనా ఒకసారి చేతికొచ్చాక మారిస్తే మారినట్టే కదా."

"మారినట్టే, అసలుదైతే! ఇది అసలుది కాదు. ఇది నకలు!" ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అడిగితే అది తన సెట్టింగుల నకలు తీసి చేతిలో పెడుతుంది. ఆ నకలు మీద నువ్వు బంగారు అక్షరాలతో రాసుకో, దానికేం పట్టదు. తిరిగి దాని చేతికిచ్చి, ఇదిగో ఇకనుంచి ఇలా నడుచుకో అంటేనే వింటుంది. లేకపోతే పుట్టుకతో వచ్చిన పద్ధతిలోనే పోతుంది. పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు!"

"ఎర్రర్ మెసేజేదీ రాలేదు."

"ఎందుకొస్తుంది? దాని దృష్టిలో నువ్వసలు ఏమీ అడగలేదు!"

"టెస్టులు కూడా నడిపాను. అన్నీ పాసయ్యాయి."

"ఆ టెస్టుల్లో పేర్లన్నీ పెద్దక్షరాలే. చేత్తో కొట్టి చూశావా?"

అతను నేల చూశాడు.

"నాకొక్క మాట చెప్పాలనిపించలేదా? పక్క బల్లే కదా! పడుకునేదీ పక్కనే!"

"చెప్దామనుకున్నాను." మాటలు వెతుక్కున్నాడు. "నువ్వు ఎప్పుడూ నాది దిద్దుతావు. కామాలు కూడా దిద్దుతావు. ఒక్కసారి నీ కోడ్‌లో నేను దిద్దేది దొరికింది. సంతోషమేసింది. చెప్తే, ఎందుకు అక్కర్లేదో నన్ను పది ప్రశ్నలు అడుగుతావు. ఆ సంతోషం కాస్తా పోతుంది."

ఆ మాట ఆమెను ఎక్కడో పొడిచింది. పొడిచినందుకు ఇంకా ఒళ్లు మండింది. ఇప్పుడా ఈ సంగతి చెప్పేది? అక్కడ ఒక మనిషి గొంతు వాచి పడుకుని ఉంటే, ఇక్కడ తను మొగుడి కామాలు దిద్దినందుకు బాధపడాలా?

"ఎప్పుడు తెలిసింది నీకు, ఇది నీ వల్లే అని?"

"వదిన ఇంటికొచ్చి చెప్పగానే అనుమానమొచ్చింది. కిందికొచ్చి కొట్టి చూశాను."

"అంటే మధ్యాహ్నం నుంచీ తెలిసే ప్రింటరు తుడుస్తున్నావు!"

బావగారు గోడకానుకుని నిలబడి, పంచాయితీకొచ్చిన పెద్దమనిషిలా ఇద్దర్నీ చూస్తున్నారు. ఆయన తమ్ముణ్ణి పట్టుకుని నాలుగు దులుపుతారని ఆమె ఎదురుచూసింది. దులపలేదు. ముఖం తుడుచుకుని, "మా నాన్న కూడా ఇంతే. గోడగడియారం పాడుచేసి, వారం రోజులు దాని కింద కూర్చుని పేపరు చదివాడు" అన్నారంతే.

"నవ్వొస్తోందా మీకు?"

"లేదమ్మా. నవ్వు రావడం లేదు."

భర్త ఒకడుగు ముందుకేశాడు. "విను. ఆ లైను పెట్టడం ఎంతసేపు? ఇప్పుడే పెట్టేద్దాం. మామూలుగా పంపే అప్‌డేట్‌లో పంపేద్దాం. రేపు విచారణలో వాళ్లు ఎలా కొట్టి చూసినా సరిగ్గానే వస్తుంది. ఆఫీసుకి మాట రాదు. నీ సంతకానికీ మాట రాదు."

"సరిగ్గా వస్తే?"

"వస్తే మంచిదేగా."

"సరిగ్గా వస్తే, మరి నిన్న తప్పు చేసిందెవరు?"

అతను అంతదూరం ఆలోచించలేదో, ఆలోచించి ఇటువైపు చూడకుండా ఉన్నాడో ఆమెకు తెలియలేదు. ఈ మనిషి చీమకు కూడా హాని చెయ్యడు. మూలన పురుగు కనబడితే కాగితం మీదికి ఎక్కించి బయట వదిలి వస్తాడు. ఆ చేతులతోనే సొంత వదిన మెడకు ఉరి బిగిస్తున్నాడు, అదీ ఎంతో మర్యాదగా.

"చెప్పు. ప్రోగ్రాం సరిగ్గా ఉంటే, పేరు తప్పు కొట్టింది అక్కే అవుతుంది. అంతేగా? ఉద్యోగం పోతుంది, లైసెన్సు పోతుంది. నువ్వు మాత్రం రాత్రికి భోజనం బల్ల దగ్గర వదినా, ఇంకొంచెం వడ్డించు అంటావు. అంతేనా?"

"అరవకు. వినబడుతుంది."

"వినబడింది" అంది పెద్దకోడలు.

మెట్ల మీద నిలబడి ఉంది. తెల్లకోటు ఇప్పటికి విప్పింది. వెనకాల రెండు మెట్ల పైన అత్తగారు, ఖాళీ టీ కప్పుతో. ఎంతసేపట్నుంచి ఉన్నారో ఏమో.

పెద్దకోడలి కళ్లు మరిదివైపు తిరగలేదు. భర్తవైపూ తిరగలేదు. "చిన్నక్షరాలా?" అని మాత్రం అడిగింది, తనలో తను.

"అవునక్కా. నువ్వు సరిగ్గానే కొట్టావు. నర్సూ సరిగ్గానే రాసింది. వెతికేదే తప్పు వెతికింది. ఇందాక నేనన్న మాటకి..."

"సరేలే." ఆమె రెయిలింగు పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది. ఒక్కసారి కూడా గట్టిగా ఊపిరి వదల్లేదు. నిర్దోషినని తేలిన మనిషి ముఖంలో కనబడాల్సిందేదీ ఆ ముఖంలో లేదు. పైగా ఏదో చేజారిపోయినట్టు అటూ ఇటూ చూస్తోంది.

చిన్నకోడలికి అప్పుడు తట్టింది. ఇంతసేపూ తప్పెవరిదని కీచులాడుకోవడమే సరిపోయింది. ఆ ప్రోగ్రాం ఈ నిమిషంలో కూడా ఆస్పత్రిలో నడుస్తూనే ఉంటుంది. వార్డులో ఎవరో నర్సు, చిన్నక్షరాలతో, ఇప్పుడు కూడా...

"ఆస్పత్రికి ఫోన్ చేస్తున్నాను" అంది. "ముందు ఆ వెతకడం ఆపించాలి. తర్వాత సంగతి తర్వాత."

"చెయ్యొద్దు పిల్లా" అంది పెద్దకోడలు చప్పున లేచి.

"అదేంటక్కా?"

"వద్దంటే వద్దు. రేపు నేనెలాగూ వెళ్తున్నాగా. నేను చూసుకుంటాను."

"రేపటిదాకా ఎవరికి ఏ మందు పడుతుందో ఎవరు చూసుకుంటారు?"

"ఫోన్ అక్కర్లేదమ్మా" అన్నారు బావగారు.

ఆమె ఆయనవైపు తిరిగింది. "ఎందుకక్కర్లేదు?"

ఆయన గొంతు సవరించుకున్నారు. అక్కడితో సరి.

ఈ ఇంట్లో మనుషులు! అరవాల్సిన చోట మూలుగుతారు, మాట్లాడాల్సిన చోట గొంతు సవరించుకుంటారు. వీళ్లందరికీ ఆఫీసు పరువే ఎక్కువైపోయింది. అన్యాయం జరిగిన మనిషికి కూడా! ఆమె ఇక ఎవర్నీ అడగదల్చుకోలేదు. ఫోను తీసింది.

"నేరుగా సూపరింటెండెంట్‌కే కలుపు" అన్నారు అత్తగారు మెట్లు దిగుతూ. "కింద బల్లల వాళ్లతో పెట్టుకుంటే తెల్లారుతుంది. స్పీకర్లో పెట్టు. ఈ ఇంట్లో సగం సగం మాటలు విని నా చెవులు అరిగిపోయాయి."

భర్త ఆమె మోచేతి దగ్గరకు వచ్చాడు. "ఒక్క నిమిషం ఆగు. ఏం చెప్పాలో అనుకుని చేద్దాం."

ఆమె అతనివైపు చూడలేదు. అవతల మోగింది.

"సూపరింటెండెంట్‌ని మాట్లాడుతున్నాను." ఆడగొంతు. అలసిపోయి ఉంది.

"మేడమ్, మందులు వెతికే ప్రోగ్రాం రాసిన ఆఫీసు నుంచి చేస్తున్నాను. దయచేసి ఆ ప్రోగ్రాం వెంటనే ఆపించండి. అందులో తప్పుంది. నిన్న జరిగినదానికి మీ ఫార్మసిస్టు కారణం కాదు. తప్పు మాది. అంటే, నాది. కాగితం మీద సంతకం నాది."

అవతల ఊపిరి వినిపించింది. విసుగో, నవ్వో తెలియని ఊపిరి.

"ఆపడానికేముందమ్మా! మధ్యాహ్నమే ఆపేశాం. ఇప్పుడు మందుల పుస్తకాలు ముందేసుకుని చేత్తో వెతుక్కుంటున్నారు మావాళ్లు."

"మధ్యాహ్నమా? ఎవరు ఆపమన్నారు?"

"మీ పెద్దాయన. ఫార్మసిస్టును మేము ఇంటికి పంపిన వెంటనే ఫోన్ చేశారు. ఏం తప్పో నాకింకా తెలీదు, ఏదైనా సరే పూచీ నాది, ముందు ఆపెయ్యండి, మా ఆవిడను ఒక్క మాట అనకండి అన్నారు."

చిన్నకోడలు బావగారివైపు చూసింది. ఆయన కిటికీ రెక్కకు ఉన్న గొళ్లెం సరిగ్గా ఉందో లేదో పరీక్షిస్తున్నారు.

"సరే, ఆపాం" అంది ఫోను. "ఇంకో గంటకి మీ పెద్దాయన భార్య చేశారు. లేదండీ, ప్రోగ్రాం హెచ్చరిక చూపించింది, ఎర్రగానే వచ్చింది, నేనే చూసుకోలేదు, తప్పు నాదే రాసుకోండి అన్నారు."

"అక్కా!"

పెద్దకోడలి చూపు కిటికీ దగ్గర ఉంది. గొళ్లెం వదిలేసి ఆయన కూడా ఇటు తిరిగారు. ఇన్నేళ్ల కాపురంలో ఒకరికొకరు చెప్పకుండా ఏ పనీ చెయ్యనివాళ్లు, ఒకే మధ్యాహ్నం, ఒకే ఇంట్లోంచి, ఒకే నంబరుకి విడివిడిగా ఫోన్ చేశారు. ఆయన తల అడ్డంగా ఊపారు, 'నీకేమైనా పిచ్చా' అన్నట్టు. ఆమె కూడా అలాగే ఊపింది.

"ఇప్పుడు మీరు" అంది ఫోను. "ఇది మూడోది. నాకు ఉద్యోగంలో తప్పు నాది కాదన్నవాళ్లే తగిలారమ్మా ఇన్నాళ్లూ. తప్పు నాదంటే నాదని పోట్లాడుకునే ఇంటిని ఇప్పుడే చూడ్డం. నాకు మతిపోతోంది. రేపు ఆ టీచరమ్మ తరఫు వాళ్లు వచ్చి నా ఎదురుగా కూర్చుంటారు. వాళ్లకు ముగ్గుర్ని చూపించలేను. ఏం జరిగిందో తెలిసిన మనిషి ఒక్కరు కావాలి. ఇంతకీ అసలు తప్పెవరిది?"

చెప్పాలంటే ఒక్క మాట. చిన్నకోడలి నాలిక చివరే ఉంది. కానీ అది తన నోటి నుంచి వస్తే, రేపటి నుంచి ఈ ఇంట్లో అది తను చెప్పిన మాటగానే మిగిలిపోతుంది, భర్త చెప్పని మాటగా మిగిలిపోతుంది. ఇంకెన్నాళ్లు దిద్దాలి అతన్ని?

ఆమె ఫోను భర్త ముందుకు చాచింది.

అతని ముఖం తెల్లబోయింది. అన్నను చూశాడు. వదినను చూశాడు. వదిన కళ్లు దించేసుకుంది. అది ఎంత శిక్షో ఆమెకు తెలిసి ఉండదు.

"తీసుకోరా" అన్నారు అత్తగారు. ఆవిడ గొంతులో అధికారం ఎటో పోయింది.

"హలో? ఉన్నారా లైన్లో?" అంది ఫోను.

అతను చొక్కాకు అరచెయ్యి తుడుచుకున్నాడు. టోనరు మరక చారలాగా అంటింది. చెయ్యి చాచాడు. అది ఫోను అందుకోవడానికి వస్తోందో, దాని మీది కాల్ కట్ చేసే ఎర్ర మీట నొక్కడానికి వస్తోందో, అంత దగ్గర నుంచి చూస్తున్నా ఆమెకు తెలియలేదు.